నీళ్ళు పారబోసే మోతీబాయి

మహబూబాబాద్ స్టేషన్ ముందు ఆటో ఎక్కితే అరగంటలో చేరే ఆ తండాలో మోతీబాయిని అందరూ ‘నీళ్ళు పారబోసే మోతి’ అంటారు. ఆమె ఆ తండా ఆశా కార్యకర్త. గర్భిణులను దవాఖానకు తీసుకుపోవడం, పసిపిల్లలకు టీకాలు వేయించడం వంటి పనులు ఆమెకు చాలానే ఉన్నా, ఊరి నాలుకకు ఎక్కింది మాత్రం శుక్రవారం పని. ప్రతి శుక్రవారం పొద్దున ఆమె ఇంటింటికీ వెళ్ళి వాకిట్లోని డ్రమ్ములు, కూలర్ల తొట్లు, కోళ్ళకు నీళ్ళు పెట్టే చిప్పలు వంచి ఖాళీ చేయిస్తుంది. బట్టలకూ పశువులకూ నీళ్ళు నిలవ ఉంచే సిమెంటు గోలేలను అడుగు దాకా తోడించి రుద్దిస్తుంది. వారం దాటి కదలకుండా ఉన్న నీటిలో పురుగు దోమై ఎగిరిపోతుంది. డెంగీని మోసేది ఆ చారల కాళ్ళ దోమే.

“వచ్చింది నీళ్ళు పారబోసే మోతి! కుండలు దాసుకోన్రి” అని ఆమె మలుపు తిరగకముందే ఎవరో ఒకరు కేక వేస్తారు.

“దాస్కో, ఎవలొద్దన్నరు? నీ కుండల పుట్టిన దోమ నిన్నిడిసి నన్ను కుడ్తదా?” అంటూనే ఆమె కుండ మీది మూత తీస్తుంది.

తండాలో వాళ్ళు తమలో తాము మాట్లాడుకునేది లంబాడీ. బయటివాళ్ళతో వాళ్ళు మాట్లాడే తెలుగులోనే ఇక్కడి మాటలన్నీ ఇవ్వడం జరిగింది.

నీళ్ళు పారబోయడం మోతీబాయికి సులువుగా అబ్బిన పని కాదు. ఆమె పుట్టింది జనగామ జిల్లా బచ్చన్నపేట మండలంలోని ఒక తండాలో. అది మెట్ట ప్రాంతం. ఆమె చిన్నతనంలో చెరువు నిండిన ఏడు పత్తి, జొన్న. నిండని ఏడు వలస. ఎండాకాలంలో నీళ్ళకోసం పొలాల మధ్య ఉన్న బావి దాకా నడవాలి. బియ్యం కడిగిన నీళ్ళు మేకకు, స్నానం చేసిన నీళ్ళు చిక్కుడు పాదుకు పోవాలి. బిందె తొణికితే నాయనమ్మ చేతిలో దెబ్బ పడేది. పదో తరగతి రాసి, ప్రేమ్‌సింగ్‌ను పెళ్ళి చేసుకుని మహబూబాబాద్ వైపు వచ్చిన మోతీబాయి, ఇక్కడ నల్లా నీళ్ళు వాకిట్లోకే రావడం చూసి తన అదృష్టానికి చాలా రోజులు ఆశ్చర్యపడిందట. ఆశాగా చేరాక మొదటి శిక్షణలో, నిలవ ఉన్న నీళ్ళన్నీ వారానికొకసారి పారబోయించాలని చెప్పినప్పుడు ఆమె లేచి, “నిండు గోలెం పారబోస్తే పాపం తగలదా సారూ?” అని అడిగింది. శిక్షణకు వచ్చినవాళ్ళంతా నవ్వారు. ఆమె మాత్రం నవ్వించడానికి అడగలేదు. ఈనాటికీ ఆమె వంచిన నీళ్ళు ఊరికే నేలపాలు కానివ్వదు. బకెట్లతో మోయించి ఏదో ఒక పాదుకు పోయిస్తుంది.

ప్రేమ్‌సింగ్ మహబూబాబాద్ స్టేషన్ నుంచి ఆటో నడుపుతాడు. ఇంటికి ఉన్న కొద్దిపాటి భూమిలో మిరప వేస్తారు. మామ చత్రు ఆ తండా నాయక్. తండాలో తగువు తీర్చాలన్నా, పండుగ మొదలుపెట్టాలన్నా ఆయన మాట కావాలి. మోతీబాయి ఒక్కగానొక్క కూతురు దీప భూపాలపల్లిలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతుంది.

వానాకాలంలో మోతీబాయికి మరో పని కలుస్తుంది. అది జ్వరం సర్వే. ప్రతి గడపలో ఎవరికి ఒళ్ళు వెచ్చగా ఉందో అడిగి, థర్మామీటర్ పెట్టి చూసి, జ్వరం ఉన్నవాళ్ళను పల్లె దవాఖానకు పంపాలి. అక్కడ నర్సు తీసిన రక్తం జిల్లా కేంద్రంలోని పరీక్షశాలకు పోతుంది. డెంగీ అని తేలితే ఆ కబురు కవితకు అందుతుంది.

కవితది జఫర్‌గఢ్ దగ్గర ఒక రైతు కుటుంబం. జంతుశాస్త్రం చదివి కీటకాల విభాగంలో ఉద్యోగంలో చేరింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల్లో దోమల వేట, కేసుల లెక్క ఇప్పుడు ఆమె మీదే ఉన్నాయి. మిగతా పోస్టులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. గాజుగొట్టంతో గోడల మీది దోమలను పీల్చి పట్టి, రకాలుగా విడదీసి, వాటిలో వైరస్ ఉందేమో చూడడానికి పరీక్షకు పంపుతుంది. జ్వరం వచ్చిన మనిషిని ఆమె తప్పకుండా అడిగే ప్రశ్నలు రెండు: జ్వరం ఎప్పుడు మొదలైంది, దానికి ముందు రెండు వారాలు ఎక్కడెక్కడ ఉన్నావు. దోమ కుట్టిన రోజే జ్వరం రాదు. వారానికి కాస్త అటూ ఇటూగా వస్తుంది. కాబట్టి రెండో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే సిబ్బంది ఏ ఊరికి పోయి వెతకాలో, మందు ఎక్కడ కొట్టాలో, ఆ కేసు ఏ జిల్లా లెక్కలో పడాలో తేలుతుంది. ఆ ఒక్క జవాబు తప్పితే తర్వాతి పనంతా తప్పు చోట జరుగుతుంది.

మోతీబాయి ఆ జవాబు తప్పు చెప్పింది తీజ్ కోసం.

తీజ్ పెళ్ళికాని ఆడపిల్లల పండుగ. శ్రావణంలో నాయక్ అనుమతి తీసుకుని మొదలుపెడతారు. పిల్లలు అడవి తీగతో అల్లిన బుట్టల్లో పుట్టమన్ను, మేక ఎరువు కలిపి పోసి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. బుట్టలన్నీ ఒక మంచె మీద పెట్టి, తొమ్మిది రోజులూ పూటపూటకూ పాటలు పాడుతూ నీళ్ళు పోస్తారు. అన్ని రోజులూ ఉప్పూకారం లేని తిండి తింటారు. మొలక ఎంత పచ్చగా, ఎంత ఒత్తుగా వస్తే తండాకు అంత మంచిదని నమ్మకం. ఆ నీళ్ళను ఆ పిల్లలు తప్ప మరొకరు ముట్టరు.

ఆ నీళ్ళకోసం మంచె పక్కన పెద్ద గోలెం ఒకటి ఉంది. నల్లా నీళ్ళు తీజ్‌కు పనికిరావు. బావి నుంచి మోసుకురావాలి. బావి దూరం. అందుకని ఈ తండా పిల్లలు ముందు నెలలో వచ్చే సీత్లా పండుగ నాడే ఆ గోలేన్ని నింపి, కొత్త బట్ట కప్పి, తగ్గినప్పుడల్లా పైన పోస్తూ ఉంటారు. తీజ్ ముగిసేదాకా దాని అడుగు కనిపించకూడదన్నది ఇక్కడి పట్టింపు. అడుగు కనిపిస్తే తండాకు కరువు చూపించినట్టట. పిల్లలు రోజూ సాయంత్రం ఆ గోలెం చుట్టూనే చేరి పాటలు నేర్చుకుంటారు.

రెండేళ్ళ కింద పక్క తండాలో తీజ్ నడుస్తుండగా డెంగీ కేసు బయటపడింది. సిబ్బంది వచ్చి కనిపించిన నీళ్ళన్నీ పారబోశారు, మంచె చుట్టూ పొగ పెట్టారు. తర్వాత మొలకలు పసుపు బారాయి. పొగకే అలా అయ్యాయా, వేరే కారణముందా అన్నది ఎవరూ తేల్చలేదు. తప్పు మాత్రం జ్వరం సంగతి పైకి పంపిన అక్కడి ఆశా మీద పడింది. ఆమెను ఆ ఏడంతా ఏ శుభకార్యానికీ పిలవలేదు. మోతీబాయి ఆమెను నెలనెలా సమావేశంలో చూస్తూనే ఉంది.

ఈసారి తీజ్‌లో ముందు నిలిచి పాట ఎత్తుకునే పిల్లలు ఇద్దరు: దీప, ఆమె స్నేహితురాలు లాలి. వచ్చే ఏటికి దీప పెళ్ళి అయిపోవచ్చు. అందుకే సెమిస్టర్ పరీక్షలు ముగిసిన మరునాడే భూపాలపల్లి నుంచి వచ్చేసింది. గోలేనికి నీళ్ళు మోసినవాళ్ళలో ఆమె ఉంది. బుట్టలు అల్లిననాడూ, గోధుమలు చల్లిననాడూ ఉంది. చల్లిన రెండోనాటికి ఆమెకు జ్వరం వచ్చింది.

మోతీబాయి కూతురి జ్వరాన్ని దాచలేదు. వెంటనే పల్లె దవాఖానకు తీసుకుపోయి రక్తం ఇప్పించింది. ఫలితం వచ్చాక కవిత ఫోన్ చేసింది. దీప అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

“డెంగీనే అక్కా. పరేషాన్ గాకు, రక్తంల ప్లేట్‌లెట్ కణాలు మంచిగనే ఉన్నయి. నీళ్ళు బాగ తాగియ్యి, డాక్టర్ చెప్పినప్పుడల్లా సూపియ్యి. జ్వరం రాకముందు రెండు వారాలు పిల్ల యాడున్నది?”

దీప నోరు తెరవబోయింది. మోతీబాయి చేయి అడ్డం పెట్టి తానే చెప్పింది.

“భూపాలపల్లిల మేడం. హాస్టల్ల. జ్వరంతోనే వచ్చింది.”

“పక్కానా?”

“నా బిడ్డ సంగతి నాకెరుక లేదా మేడం?”

ఫోన్ పెట్టేశాక దీప తల్లివైపు తిరిగి, అమ్మను లంబాడీలో పిలిచే మాటతోనే పిలిచింది. “యాడీ, నేనొచ్చి నెల గావొస్తాంది గదా!”

“ఊకో. హాస్టల్ల మందు కొడ్తరు. మంచిదేనాయె, ఎవలికేం నష్టం?”

“మరి ఈడ?”

“ఈడ నేను లేనా? తండంత నేనే సూస్కుంట.”

ఆ మాట ఆమె నిలబెట్టుకోవాలనే చూసింది. ఆ వారం శుక్రవారం కోసం ఆగలేదు. ఇల్లిల్లూ తిరిగింది. పగిలిన టైర్లు, కొబ్బరి చిప్పలు, ఎవరూ వాడని రోలు, మరుగుదొడ్డి వెనక పడేసిన రంగు డబ్బా అన్నీ వంచింది. మిరప తోటకు మందు కలిపే డ్రమ్ముకు మూత బిగించింది. దీపను పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టింది. మంచె దగ్గరికి వచ్చేసరికి గోలెం మీది కొత్త బట్టను చూసి పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది. ఆమె దాన్ని కావాలని వదిలెయ్యలేదు. పెళ్ళైన మనిషి ముట్టకూడని నీళ్ళవి; ఇళ్ళల్లో నిలవ ఉండే నీళ్ళతో వాటిని కలిపి ఆలోచించడం ఆమెకు గానీ, ఆ తండాలో మరెవరికి గానీ అలవాటు లేదు. తీజ్ నీళ్ళు తీజ్ నీళ్ళే.

భూపాలపల్లిలో సిబ్బంది హాస్టల్ పైకప్పు మీది ట్యాంకులు, సంపు, వంటింటి వెనక కాలువ అన్నీ వెతికారు. గదుల్లో మందు చల్లారు. సెలవులకు వెళ్ళకుండా మిగిలిన విద్యార్థినులందరికీ జ్వరం చూశారు; వెళ్ళినవాళ్ళు ఎప్పుడు వెళ్ళారో మాత్రం అడగలేదు. కవిత మళ్ళీ ఫోన్ చేసింది.

“అక్కా, ఆడ ఒక్క పురుగు దొరకలె. ఒక్క పిల్లకు జ్వరం లేదు. నీ బిడ్డకొక్కదానికే ఎట్లొచ్చిందంటవ్?”

“ఏమో మేడం. బస్సుల కుట్టిందో ఏమో.”

“బస్సుల కుట్టిన దోమకు టికెట్ కొట్టేటోళ్ళు లేకపాయె” అని కవిత నవ్వి పెట్టేసింది. మోతీబాయికి నవ్వు రాలేదు.

దీప జ్వరం దిగుతుండగా, ఒకనాడు పొద్దున నీళ్ళు పోసే వేళకు లాలి మంచె మెట్టు మీద కూర్చుండిపోయింది. పాట వేరే పిల్ల ఎత్తుకుంది. సర్వేకు బయలుదేరిన మోతీబాయి ఆగి దగ్గరికి వెళ్ళింది.

“ఏమైందే?”

“ఏంలే కాకీ. ఉప్పులేని తిండాయె, నీరసం.”

తనను చిన్నమ్మ వరసతో కాకీ అని పిలిచే లాలి చెయ్యి పట్టుకుని చూసేసరికి నీరసం కాదని తెలిసింది. థర్మామీటర్ పెట్టింది. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందని, రెండు రోజులుగా కళ్ళ వెనక నొప్పిగా ఉందని లాలి అప్పుడు చెప్పింది. “రాయకు కాకీ. తీజ్ అయిపోనీ. బుట్ట ఎండిపోతే మా అమ్మ బాధపడ్తది.”

లాలికి తండ్రి లేడు. తల్లి సోమ్లి కూలి పని చేస్తుంది. కబురు అంది చేను నుంచి వచ్చిన సోమ్లి కూతురి నుదురు తాకి చూసి, “ఒక్కపొద్దు ఉన్న పిల్లకు ఒళ్ళు కాలదా? తీజ్ కానీ, తీస్కపోదాం” అంది.

“చిగుళ్ళల్ల రక్తం వస్తాంది సోమ్లీ. ఇయ్యాల్నే పోవాలె.”

“మరి ఆడ ఏమని రాస్తవ్? నా బిడ్డ భూపాలపల్లి పోలే, జనగామ పోలే. యాడికీ పోలే. ఈడ జ్వరమున్నదని రాస్తవ్. మందులోళ్ళు వస్తరు. తీజ్ పాడైతది. అందరు నా బిడ్డ పేరు జెప్పి తిడ్తరు.” సోమ్లి గొంతు పెరిగింది. నీళ్ళ బిందెలతో ఉన్న పిల్లలంతా అటు తిరిగారు. “నీ బిడ్డ జ్వరమేమో పక్క జిల్లాకు పంపిస్తివి. నా బిడ్డ జ్వరం తండల రాస్తవా?”

దీప నెల రోజులుగా ఇక్కడే ఉందన్నది అక్కడున్న అందరికీ తెలిసిన విషయమే. అయినా అంతవరకు ఎవరూ పైకి అనలేదు. మోతీబాయి ప్రేమ్‌సింగ్‌కు ఫోన్ చేసి ఆటో తెమ్మంది. తర్వాత, సోమ్లి ముందే, కవితకు ఫోన్ చేసింది.

“మేడం, దీప నెల సంది తండలనే ఉన్నది. నేను అబద్ధం జెప్పిన. ఇప్పుడు ఇంకో పిల్లకొచ్చింది. చిగుళ్ళల్ల రక్తం.”

“తీజ్ కోసమా?”

“అవ్.”

“మనుషులు తక్కువున్నరని నేను ఏడుస్తుంటే, ఉన్న నలుగురితోని ఖాళీ హాస్టల్ల ట్యాంకులు కడిగిపిచ్చినవ్ అక్కా! ఆ మందు, ఆ మనుషులు అప్పుడే తండకు వస్తే ఈ పిల్లకు తప్పునో తప్పకపోనో, నాకైతే తెల్వది. నీకు తెల్వది. ముందు ఆ పిల్లను పెద్ద దవాఖానకు తోలు. నేను బయల్దేరుతున్న.”

ఆటో ఎక్కేముందు లాలి దీపను పిలిచి బుట్ట అప్పగించింది. “నీదానికన్న నాదానికి ముందు నీళ్ళు పొయ్యి” అంది. దీప తలూపింది. సోమ్లి మోతీబాయివైపు చూడకుండా ఆటోలో కూతురి పక్కన కూర్చుంది. వెంట రాబోయిన మోతీబాయిని “నువ్వద్దు” అని ఆపింది.

కవిత ఇద్దరు పనివాళ్ళతో, మందు పంపులతో వచ్చేసరికి చత్రు, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు మంచె ముందు మంచం వేసుకుని కూర్చున్నారు. కోడలు చేసిన పని చత్రుకు అప్పటికే తెలిసింది. ఆయన ఆమెవైపు తిరగకుండా కవితతోనే మాట్లాడాడు.

“ఇండ్లు సూడున్రి మేడం, బాత్రూములు సూడున్రి. వద్దంటలేం. గీ మంచె కాడికి మాత్రం రావద్దు” అన్నాడు.

కవిత వాదించకుండా మంచం కోడు పక్కన కింద కూర్చుంది. “బాపూ, జ్వరం వచ్చిన పిల్లలిద్దరు. ఇండ్లు ఇద్దరియి వేరే వేరే. ఇద్దరు కల్సి ఎక్కువ సేపుండేది యాడ?”

ఆ ప్రశ్నకు జవాబైన చోటే చత్రు కూర్చుని ఉన్నాడు. “ఈడనే. మాపటిజాము పాటలు పాడ్తరు.”

“ఆ బట్ట కింద ఏముంది?”

“తీజ్ నీళ్ళు. లగ్గమైనోళ్ళు ముట్టరు.”

“నాకు కాలే” అంది కవిత.

పెద్దమనుషుల్లో ఒకాయన ఆమెను పైనుంచి కిందికి చూశాడు. “గింత నౌకరున్నది, ఇంక కాలేదా?”

“దోమలు పడ్తదంటే ఎవరు జేస్కుంటరు తాతా?”

పిల్లలు ఫక్కున నవ్వారు. చత్రు కూడా మీసం కింద నవ్వు ఆపుకున్నాడు. “లగ్గం కాకున్నా నువ్వు మా తండ పిల్లవు గాదు. బట్ట మా పిల్లలు తీస్తరు. నువ్వు సూడు.”

దీప లేచి వచ్చి బట్ట తీసింది. కవిత ఇచ్చిన గరిటెతో అంచు పక్కనుంచి నీళ్ళు తీసి తెల్లటి పళ్ళెంలో పోసింది. నీళ్ళు తేరుకోగానే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ పైకి వచ్చి మళ్ళీ కిందికి జారాయి. కామాల్లా వంగిన ప్యూపాలు కూడా ఉన్నాయి. రేపో ఎల్లుండో దోమలయ్యేవి అవి. పళ్ళెం చత్రు చేతికి పోయింది. ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి పక్కవాళ్ళకు ఇచ్చాడు. అది చేతులు మారుతూ చివరికి మోతీబాయి దగ్గరికి వచ్చింది. ఆమె చూసి, దగ్గర్లో చెట్టు లేక, పొడి మట్టి మీద పోసేసింది.

“సీత్లా కాడి సంది దీంట్లనే పుట్టుకుంట ఎగిరిపోతున్నయ్” అంది కవిత. “దీన్ని ఖాళీ జేసి లోపల రుద్దాలె. గుడ్లు అంచుకు అంటుకొని ఉంటయి. నీళ్ళొక్కటి పారబోస్తే పోవు.”

“అడుగు కనపడొద్దు మేడం. కరువొస్తది” అన్నాడు చత్రు.

దీపకు ఇంకా గట్టిగా మాట్లాడే ఓపిక లేదు. అయినా తాత ముందుకు వచ్చి నిలబడింది. “నింపింది మేమే తాతా. వంచేది గూడ మేమే వంచుతం. పొద్దుగూకకముందే మళ్ళ నింపుతం. మీరు అటు తిరగన్రి. మీరు సూడకుంటే కనపడనట్టే గదా.”

పెద్దమనుషులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇలాంటి సందర్భం వాళ్ళ తండ్రుల కాలంలో రాలేదు, కాబట్టి అడ్డం చెప్పడానికి ఆధారమూ లేదు. చత్రు మంచం మీదనే తిరిగి కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ తిరిగారు. పిల్లలు బిందెలతో నీళ్ళు తోడి, పాదులేవో చూడకుండా దగ్గరి మిరప నారుమడికి మోశారు. ఖాళీ అయిన గోలెంలోకి ఇద్దరు దిగి కొబ్బరి పీచుతో, బూడిదతో అంచులు రుద్దారు.

“అయిందా?” అని చత్రు అడిగాడు.

“కాలే. అటే సూడు తాతా.”

“మెడ పట్టేస్తాంది.”

“జర ఓపిక పట్టు బాపూ, మూల మిగిలింది” అంది కవిత లోపలికి తొంగి చూస్తూ.

మంచె దగ్గర పొగ పెట్టడానికి ఆమె పట్టుబట్టలేదు. ఇళ్ళ లోపల మందు చల్లించింది. గాజుగొట్టంతో చీకటి మూలల్లో దోమలు పట్టుకుంది. పిల్లలు మాత్రం బావికి తిరగలేక తిట్టుకున్నారు. అప్పటినుంచి ఏ పూట నీళ్ళు ఆ పూట తేవాలని చత్రు తీర్పు చెప్పాడు. నెల రోజుల నీళ్ళు ఒకేసారి పెట్టుకునే సౌకర్యం పోయింది. ఒక పిల్ల “దోమల మేడంకు తొందరగ లగ్గం గావాలె” అని మొక్కుకుందని తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు.

పెద్ద దవాఖానలో లాలికి కణాలు బాగా పడిపోయాయి. బయటినుంచి ఎక్కించాల్సి రావచ్చని, రక్తం ఇచ్చేవాళ్ళను సిద్ధంగా ఉంచుకోమని డాక్టర్ చెప్పాడు. ప్రేమ్‌సింగ్ ఆటో స్టాండ్‌లో తోటివాళ్ళను అడిగి పెట్టుకున్నాడు. మోతీబాయి రోజూ కొబ్బరి నీళ్ళు తీసుకుపోయి వార్డు గుమ్మం దగ్గర ఆగేది. సోమ్లి లేచి వచ్చి సీసా అందుకునేది. మాట్లాడేది కాదు. ఒకరోజు మాత్రం, “మొలక ఎట్లున్నది?” అని అడిగింది.

“పచ్చగున్నది. దీప ముందు లాలి బుట్టకే పోస్తాంది.”

సోమ్లి సీసా తీసుకుని లోపలికి పోయింది.

చివరి రోజు పిల్లలు మొలకలు తుంచి పెద్దల తలపాగాల్లో పెట్టి, బుట్టలను చెరువులో కలిపారు. లాలి బుట్టను దీప మోసింది. ఇద్దరి బుట్టలు మోయడానికి ఒంట్లో సత్తువ లేక, తన బుట్టను ఇంకో పిల్లకు ఇచ్చింది. అప్పటికి లాలి కణాలు పెరగడం మొదలైంది. ఎక్కించే అవసరం రాకుండానే, నాలుగు రోజుల తర్వాత ఇంటికి పంపారు.

కవిత లెక్క సరిచేసింది. భూపాలపల్లిలో ఒక కేసు తగ్గింది, మహబూబాబాద్‌లో ఒకటి పెరిగింది. దాని పక్కన లాలిది చేరింది. మూడు జిల్లాల మొత్తంలో దీప కేసు ఒకటిగానే ఉంది; దాని చోటు మాత్రం మారింది. ఆ చోటును బట్టి చుట్టుపక్కల తండాల్లో కూడా తీజ్ గోలేలు వెతికించారు. రెండింటిలో పురుగు దొరికింది. నెలవారీ సమావేశంలో డాక్టర్ మోతీబాయిని అందరి ముందు నిలబెట్టి, చేసిందేమిటో ఆమె నోటితోనే చెప్పించాడు. ఆమె చెప్పి కూర్చుంది. పక్క తండా ఆశా తన బెంచీ మీద కాస్త జరిగి ఆమెకు చోటిచ్చింది. మరొకామె వెనకనుంచి, “బిడ్డది పక్క జిల్లాకు ట్రాన్స్‌ఫర్ జేసే ఆర్డర్ మాకు గూడ ఇయ్యవే” అంది. మోతీబాయి వెనక్కి తిరగలేదు.

తర్వాతి జ్వరం సర్వేలో ఆమె తండా మొదటి ఇంటి నుంచే మొదలుపెట్టింది. కొన్ని గడపల్లో జవాబులు పొట్టిగా వచ్చాయి. ఒక ఇంట్లో ముసలామె, “మా మనవనికి జ్వరం లేదు. ఉంటే ఖమ్మంల ఉన్నడని రాస్కో” అంది. మోతీబాయి థర్మామీటర్ తీసి పిల్లవాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

సోమ్లి వాకిట్లో లాలి నులక మంచం మీద కూర్చుని జడ అల్లుకుంటోంది. మోతీబాయి గుమ్మం బయటే ఆగింది. సోమ్లి పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చి, లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు.

“ముందు నీ ఇల్లు సూసినవా?”

“సూసిన. మామకు, ఆయనకు, నాకు, ఎవలికి లేదు. దీప మొన్న సోమవారం భూపాలపల్లి పోయింది. ఆదివారం దాక ఈడనే ఉన్నది.”

సోమ్లి చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని మంచం ఒక కొస ఖాళీ చేసింది.

“ఇంట్ల ఇద్దరం ఉన్నం. ఇద్దరిని సూడు. రాసేది నా ముంగట రాయి, రాసినంక సదివి ఇనిపియ్యి.”

మోతీబాయి కూర్చుని థర్మామీటర్‌ను విదిలించి మొదట లాలికి ఇచ్చింది. చంకలో పెట్టుకున్న లాలి జడ అల్లుకోవడం ఆపి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. సోమ్లి ఇద్దరి మధ్యా నిలబడి ఎదురుచూసింది.